పేరు తప్పు పడిన రాజీనామా

(హైదరాబాద్‌లో మహిళా ఉద్యోగుల సమావేశంలో ఒక కార్మిక న్యాయవాది చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్నది. మధ్యలో మైకు పోయిన రెండు నిమిషాలు ఇందులో లేవు.)

అందరికీ నమస్కారం. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్లు ముందుకి రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఆ నీలం చీర ఆవిడకి ముందు చోటివ్వండి. మీరు కూర్చుంటే గానీ నేను మొదలుపెట్టను. (నవ్వులు)

నన్ను చట్టం గురించి మాట్లాడమన్నారు. దానికంటే ముందు ఒక కాగితం గురించి చెప్తాను.

కొన్నేళ్ల కిందట ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేసేది. ఏడో నెల. కాళ్లు వాచిపోయి, తన చెప్పులు పట్టక, వాళ్లాయన హవాయి చెప్పులు వేసుకొచ్చింది. బ్యాగులోంచి ఒక కాగితం తీసి నా టేబుల్ మీద పెట్టింది. రాజీనామా. నాలుగే లైన్లు. వ్యక్తిగత కారణాల వల్ల ఇష్టపూర్వకంగా ఉద్యోగం మానుకుంటున్నానని, ఇన్నాళ్లూ అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలని. కింద సంతకం. సంతకం నీదేనా అని అడిగాను. నాదే అంది. "మరి నువ్వే మానేశావు కదమ్మా, ఇంక కేసేముంది?" అన్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, నా నోటివెంట మొదట వచ్చిన మాట అదే.

ఆ అమ్మాయి వాదించలేదు. కాగితంలో తన పేరు మీద వేలు పెట్టి నా వైపు చూసింది. పేరులో ఒక అక్షరం తప్పు. టెన్త్ మెమో నుంచి పాన్ కార్డు దాకా ఒకేలా ఉన్న పేరు. "మేడం, నా పేరు నేనే తప్పు రాసుకుంటానా?" అంది.

అప్పుడు కూర్చోబెట్టి మొత్తం అడిగాను. సాయంత్రం నాలుగింటికి మీటింగ్ రూముకి రమ్మన్నారట. మేనేజరు, హెచ్ఆర్, ఇంకొకాయన. ఆయనెవరో చివరిదాకా చెప్పలేదు. టేబుల్ మీద నీళ్ల సీసా, టిష్యూల డబ్బా, ఈ కాగితం. ఆ డబ్బా సంగతి గమనించండి, ఏడుస్తుందని ముందే లెక్కేసుకున్నారన్నమాట. "ప్రాజెక్ట్ అయిపోతోంది. ఈ పరిస్థితిలో మిమ్మల్ని వేరే టీమ్ తీసుకోదు. మేం తీసేస్తే మీ రికార్డులో మచ్చ పడుతుంది. మీరే పెట్టేస్తే రిలీవింగ్ లెటర్ నీట్‌గా వస్తుంది. మీ మంచికే చెప్తున్నాం" అన్నారట. ఇంటికెళ్లి మాట్లాడి రేపు చెప్తానంటే, కుదరదన్నారు. ఆరున్నరకి సంతకం పెట్టింది. ఏడింటికి ఆఫీసు మెయిల్ తెరుచుకోలేదు.

ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. 'నువ్వు గర్భవతివి కాబట్టి తీసేస్తున్నాం' అని రాసిచ్చిన సంస్థ ఒక్కటి కూడా నా కంటపడలేదు. అలా రాస్తే నా పని ఎంత తేలికో! వాళ్లకీ లాయర్లున్నారు కదా. తీసేస్తే చట్టం అడ్డుపడుతుందని తెలుసు కాబట్టే, ఆ తీసేసే పని మన చేతే చేయిస్తారు.

ఇప్పుడు చట్టానికి వస్తాను. మనది ప్రసూతి ప్రయోజనాల చట్టం, 1961. 2017 ఏప్రిల్ 1 నుంచి సెలవు 12 వారాల నుంచి 26 వారాలైంది. ఇద్దరు పిల్లలున్నాక మూడో కాన్పుకి 12 వారాలే. 2025 నవంబర్ 21 నుంచి ఈ చట్టం స్థానంలో సామాజిక భద్రత కోడ్ వచ్చింది. సరుకు చాలావరకు పాతదే, సీసా మారింది. నాకు నోటికి వచ్చినవి పాత సెక్షన్లే కాబట్టి వాటితోనే చెప్తాను, మీరు మన్నించాలి. మనకి కావాల్సింది పాత చట్టంలో సెక్షన్ 12. కోడ్‌లో అది 68.

అది చెప్పేదేమిటంటే, ప్రసూతి సెలవులో ఉన్న మనిషిని ఆ సెలవులో గానీ, ఆ సెలవు కారణంగా గానీ తీసేయకూడదు. సెలవు రోజుల్లో గడువు తీరేట్టు నోటీసు కూడా ఇవ్వకూడదు. ఆమెకి నష్టం కలిగేలా ఉద్యోగ షరతులు మార్చకూడదు. సెలవుకి ముందు, కడుపుతో ఉన్న రోజుల్లో ఎప్పుడు తీసేసినా, ఆమెకి రావాల్సిన ప్రసూతి డబ్బు మాత్రం పోదు. ఘోరమైన తప్పు చేసిందని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇస్తే తప్ప. దాని మీద కూడా 60 రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చు. పైగా సెక్షన్ 27 ఇంకో మాట అంటుంది: మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో దీనికి విరుద్ధంగా ఏం రాసున్నా చెల్లదు. 'నాకు ప్రసూతి సెలవు వద్దు' అని మీరు సంతకం చేసినా చెల్లదు.

ఇంత గట్టి చట్టం, రాజీనామా దగ్గరికి వచ్చేసరికి మూగబోతుంది. ఎందుకంటే అది ఆపేది తీసేయడాన్ని. వెళ్లిపోయేవాళ్లని ఆపదు కదా.

ఆ అమ్మాయి కేసు ఏమైందో చెప్పాలి, లేకపోతే ఇంటికెళ్లేటప్పుడు ఆటోలో తిట్టుకుంటారు. మేం నోటీసులో మూడే ప్రశ్నలు అడిగాం. ఈ లేఖ ఏ కంప్యూటర్‌లో టైపయింది? రెండు నెలల నోటీసు ఉండాల్సిన ఉద్యోగం అరగంటలో ఎలా ముగిసింది? తన పేరు తనకే రాయడం రాని మనిషికి మీరు నాలుగేళ్లు జీతం ఎలా ఇచ్చారు? లేబర్ ఆఫీసులో మూడు వాయిదాలు నడిచాయి. చివరికి 26 వారాల డబ్బు, రిలీవింగ్ లెటర్ ఇచ్చారు. ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు. అప్పటికి బిడ్డకి నాలుగో నెల. మళ్లీ ఆ గదిలోకి వెళ్లాలని తనకీ లేదు. గెలిచామా అంటే, ఏమో, సగం.

ఇదేదో ఇప్పటి కాలపు రోగం అనుకోకండి. ఎయిర్ ఇండియాలో ఒకప్పుడు రూల్ ఉండేది. ఎయిర్‌హోస్టెస్‌కి 35 ఏళ్లు నిండినా, చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకున్నా, మొదటిసారి గర్భం వచ్చినా ఇంటికే. నర్గీస్ మీర్జా కేసులో 1981లో సుప్రీంకోర్టు గర్భం రూలుని కొట్టేసింది. భారత స్త్రీత్వానికి ఇది బహిరంగ అవమానం అని రాసింది. చదవడానికి ఒళ్లు పులకరిస్తుంది. కానీ అదే తీర్పులో నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకోకూడదన్న రూలు సబబే అంది! ఈ భాగం సన్మాన సభల్లో ఎవరూ చదవరు.

నీరా మాథుర్ కేసు ఇంకా దగ్గరగా ఉంటుంది మనకి. ఎల్ఐసీలో ప్రొబేషన్ మీద చేరింది. చేరేటప్పుడు ఒక ఫారం నింపించారు. నెలసరి సరిగ్గా వస్తోందా, నొప్పి ఉంటుందా, చివరిసారి ఎప్పుడొచ్చింది, ఎన్నిసార్లు గర్భం వచ్చింది, గర్భస్రావం ఏమైనా జరిగిందా. ఉద్యోగానికి సంబంధించిన ఫారమేనండీ! తర్వాత ఆమె ప్రసూతి సెలవు పెట్టింది, బిడ్డ పుట్టింది, ప్రొబేషన్‌లోనే తీసేశారు. ఎందుకని కోర్టు అడిగితే, చివరి నెలసరి తేదీ తప్పు రాసిందన్నారు. 1991లో సుప్రీంకోర్టు ఆమెని మళ్లీ ఉద్యోగంలోకి తీసుకోమని, ఆ కాలమ్‌లు ఫారంలోంచి తీసేయమని చెప్పింది. ముప్ఫై ఏళ్లు గడిచాయి. 2021 డిసెంబర్ చివర్లో స్టేట్ బ్యాంక్ ఒక సర్క్యులర్ ఇచ్చింది. మూడు నెలలు దాటిన గర్భిణి కొత్తగా ఉద్యోగంలో చేరడానికి 'తాత్కాలికంగా అనర్హురాలు', కాన్పయ్యాక నాలుగు నెలల్లోపు వచ్చి చేరొచ్చు అని. దేశమంతా గొడవైతే జనవరి 29న వెనక్కి తీసుకున్నారు. ఫారం పోయింది, ఆలోచన పోలేదు.

సరే, రోజువారీ అబద్ధాల సంగతి త్వరగా ముగిస్తాను. 'సర్వీసు ఏడాది నిండాలి' అంటారు. అబద్ధం. డాక్టర్ ఇచ్చిన కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. 'ప్రొబేషన్ వాళ్లకి ఉండదు.' ఇప్పుడే నీరా మాథుర్ సంగతి విన్నారు. 'దినకూలీలకి వర్తించదు.' ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్‌లో మస్టర్ రోల్ మీద పనిచేసే ఆడవాళ్లకి కూడా వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2000లో, అదీ మార్చి 8న, చెప్పింది. 'మీ కాంట్రాక్టు జూన్‌తో అయిపోతుంది, ఆ తర్వాత డబ్బు రాదు.' వస్తుంది. కవితా యాదవ్ కేసు, 2023. కాంట్రాక్టు ముగిసినా ప్రసూతి ప్రయోజనం పూర్తిగా ఇవ్వాల్సిందే. 'డబ్బు సెలవు అయ్యాక లెక్క చూసి ఇస్తాం.' కాదు. కాన్పుకి ముందు రోజుల డబ్బు ముందుగానే ఇవ్వాలి. మిగతాది బిడ్డ పుట్టిన రుజువు ఇచ్చిన 48 గంటల్లో. 48 గంటలు అని హెచ్ఆర్ వాళ్లకి చెప్పి వాళ్ల మొహం చూడండి ఒకసారి. (నవ్వులు)

ఇప్పుడు కష్టమైన చోటికి వస్తున్నాను. లేఆఫ్.

కంపెనీ నిజంగానే మూడొందల మందిని తీసేస్తోంది. అందులో గర్భిణి ఒకరు. ఆమె పేరు గర్భం వల్ల వచ్చిందా, లెక్క వల్ల వచ్చిందా? సెలవు నడుస్తుండగా తీసేస్తే చట్టం స్పష్టంగానే ఉంది, చెల్లదు. కానీ సెలవుకి రెండు నెలల ముందు తీసేస్తే? డబ్బు ఇవ్వాల్సి వస్తుంది. ఉద్యోగం నిలబడుతుందా అంటే, నేను గుండె మీద చెయ్యేసుకుని అవునని చెప్పలేను. గర్భమే కారణమని ఆమె నిరూపించాలి. ఎలా నిరూపిస్తుంది? రేటింగులు, మెయిళ్లు, ఎవర్ని ఎందుకు ఎంచారన్న పట్టిక, అన్నీ కంపెనీ దగ్గరే ఉంటాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన 183వ ఒప్పందం దీన్ని తిరగేసింది. తీసేయడానికీ గర్భానికీ సంబంధం లేదని నిరూపించాల్సింది యజమానే అంది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. చట్టంలో నాకు ఒక్క మార్పు చేసే అవకాశం ఇస్తే, సెలవు ఇంకో వారం కూడా పెంచను. ఈ ఒక్క వాక్యం చేరుస్తాను.

బ్రిటన్‌లో మన పిల్లలు చాలామంది ఉన్నారు కాబట్టి వాళ్ల సంగతీ చెప్తాను, ఫోన్ చేసి చెప్పండి. అక్కడ 2024 ఏప్రిల్ 6 నుంచి, గర్భవతినని యజమానికి చెప్పిన రోజు మొదలు బిడ్డకి 18 నెలలు వచ్చేదాకా, ఉద్యోగాలు తగ్గించేటప్పుడు తగిన ఖాళీ ఏదైనా ఉంటే ముందు ఆమెకే ఇవ్వాలి. పోటీ పెట్టి 'నువ్వూ ఇంటర్వ్యూకి రా' అనడానికి లేదు. ఇక్కడ అలాంటిది లేదు. ఇక్కడ మనకున్నది మన దగ్గరున్న కాగితాలే.

ఆ కాగితాల దగ్గరే మన ఆచారాలు మనకి అడ్డొస్తాయి. మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పొద్దంటుంది అత్తగారు. దిష్టి తగులుతుంది. ఐదో నెలదాకా అంటుంది ఇంకో అమ్మమ్మ. ఇంట్లో ఎవరికి చెప్తారో మీ ఇష్టం, నాకు సంబంధం లేదు. కానీ ఆఫీసులో 'నాకు తెలియనే తెలియదు, తెలియకుండానే లిస్టులో పెట్టాను' అని మేనేజరు అనగలిగితే మీ కేసు అక్కడే నీరుగారిపోతుంది. క్యాంటీన్‌లో టీ తాగుతూ చెప్పింది లెక్కలోకి రాదు. టీమ్ అంతా కేక్ కోసి సీమంతం ఫొటోలు తీసుకున్నారండీ ఒక కేసులో. తర్వాత ఆ ఫొటోలే మాకు సాక్ష్యమయ్యాయి. అందులో కేక్ తినిపిస్తున్న మేనేజరు, ఆమె గర్భవతి అని తెలియదని రాసిచ్చాడు!

రెండోది పుట్టిల్లు. తొలి కాన్పుకి పుట్టింటికి వెళ్తాం కదా. ఇల్లు ఇక్కడ మియాపూర్‌లో, మనిషి రాజమండ్రిలో. కంపెనీ రిజిస్టర్డ్ పోస్టులో లెటర్ మియాపూర్‌కి పంపుతుంది. ఇంటికి తాళం. 'డోర్ లాక్డ్' అని తిరిగిపోతుంది. ఆఫీసు మెయిల్‌కి కూడా పంపుతారు, ఆ మెయిల్ అప్పటికే మూసేసి ఉంటారు. అప్పీలుకి ఉన్న 60 రోజుల లెక్క మొదలవుతుంది. ఉత్తర్వు నాకు అందలేదని వాదించొచ్చు, వాదించి గెలిచాను కూడా. కానీ బాలింతరాలు మూడో నెల పిల్లని ఒళ్లో పెట్టుకుని ఆ వాదన కోసం తిరగాలా? పుట్టింటికి బస్సెక్కే ముందు ఒక్క మెయిల్ పెట్టండి. 'ఫలానా తేదీ నుంచి నా చిరునామా ఇది, నా సొంత మెయిల్ ఇది, ఉత్తరాలు ఇక్కడికే పంపండి.' అంతే.

మీ జీతం స్లిప్పులు, రేటింగులు, సెలవు మంజూరు మెయిళ్లు సొంత మెయిల్‌కి పంపుకోండి. ఒక్క జాగ్రత్త. క్లయింట్ ఫైళ్లు, కోడ్, టీమ్ వాళ్ల వివరాలు పొరపాటున కూడా పంపుకోకండి. ఇందాక ఘోరమైన తప్పు అన్నాను కదా, అది మీ చేత్తో మీరే వాళ్లకి ఇచ్చినట్టవుతుంది.

తిరిగొచ్చాక జరిగేది ఇంకో రకం. ఎవరూ పొమ్మనరు. సీటు మారుతుంది. టీమ్ లీడ్‌గా వెళ్లిన మనిషి, తన కింద పనిచేసినవాడికి రిపోర్ట్ చేయాలి. 'ఆరు నెలలు పని చేయలేదు కాబట్టి' రేటింగ్ అట్టడుగున. ఇది కూడా సెక్షన్ 12 కిందకే వస్తుందని నేను వాదిస్తాను, నష్టం కలిగేలా షరతులు మార్చడం అదే కదా. ఇక పాల సంగతి. బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా రోజుకి రెండు విరామాలు ఇవ్వాలి. 50 మంది గానీ ఆపైన గానీ ఉంటే క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చు. నా క్లయింట్ ఒకామె వాష్‌రూమ్‌లో, కమోడ్ మూత మీద కూర్చుని, పంపుతో పాలు పిండుకునేది. ఎవరో తలుపు కొడుతూనే ఉండేవాళ్లు. సీసాని క్యాంటీన్ ఫ్రిజ్‌లో పెడితే, కాఫీకి అనుకుని ఎవరో వాడేస్తారేమోనని దాని మీద 'మందు' అని రాసి పెట్టింది. ఆ ఆఫీసులో జిమ్ ఉంది, టేబుల్ టెన్నిస్ ఉంది.

యజమానుల పక్షం కూడా ఒక మాట. పన్నెండు మందితో నడిచే చిన్న ఆఫీసు. 26 వారాల జీతం మొత్తం ఆయన జేబులోంచే పోవాలి, ఆ పనికి ఇంకో మనిషిని పెట్టుకోవాలి. నేను ఇందాక చెప్పిన 183వ ఒప్పందమే, ఈ ఖర్చు ఒక్క యజమాని నెత్తిన పెట్టకూడదు, సామాజిక బీమాలోంచో ప్రభుత్వ నిధుల్లోంచో రావాలి అంటుంది. మన ప్రభుత్వం సెలవు పెంచి, బిల్లు వాళ్లకి పంపింది. 2018లో ఏడు వారాల జీతం తిరిగిచ్చే ప్రతిపాదన ఉందన్నారు. నాకు తెలిసిన యజమాని ఎవరికీ రూపాయి రాలేదు. దాంతో ఇంటర్వ్యూలోనే 'పెళ్లయిందా? పిల్లలెప్పుడు?' మొదలవుతుంది. ఆ ఉద్యోగం రాని అమ్మాయి నా దగ్గరికి రాదు. ఆమెకి కాగితమే ఉండదు కదా.

కానీ బట్టల షాపు వాళ్లు ఈ కష్టం చెప్తే మాత్రం నమ్మకండి. పది మంది, ఆపైన పనిచేసే షాపులో నెలకి 21,000 లోపు జీతమైతే ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా, ఉండాలి. ఈఎస్ఐ ఉంటే 26 వారాల డబ్బు ఇచ్చేది ఈఎస్ఐ, షాపు ఓనరు కాదు. ఆ డబ్బు తీసుకుంటున్న రోజుల్లో తీసేయకూడదని పాత ఈఎస్ఐ చట్టంలోనూ ఉండేది. మరి ఎందుకు మాన్పిస్తారు? ఆరో నెల కడుపుతో పది గంటలు నిలబడి చీరలు విప్పి చూపించలేదు కాబట్టి. స్టూలు వేస్తే కస్టమర్ ముందు బాగోదట. మీ స్లిప్పులో ఈఎస్ఐ కోత ఉండి, మీకు ఐపీ నంబరు, అంటే ఈఎస్ఐలో మీ పేరు మీదుండే నంబరు, లేకపోతే ఇవాళే అడగండి. కడుపు వచ్చాక అడిగితే ఆలస్యమవుతుంది. ప్రైవేటు స్కూలు టీచర్లున్నారా ఇక్కడ? చేతులెత్తండి. ఏప్రిల్‌లో 'జూన్‌లో ఫోన్ చేస్తాం' అని పంపించి, ఫోన్ చేయని స్కూళ్లు... సరే, మీ నవ్వులు చూస్తుంటే చెప్పక్కర్లేదు.

ఎక్కడికి వెళ్లాలి అని చీటీ వచ్చింది. హైదరాబాద్‌లో అయితే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర అంజయ్య కార్మిక సంక్షేమ భవన్. జిల్లాల్లో కార్మిక శాఖ ఆఫీసు. తెల్ల కాగితం మీద తెలుగులో రాసిచ్చినా తీసుకోవాలి. రెండు కాపీలు పట్టుకెళ్లండి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. లాయర్ అక్కర్లేదు, నా పొట్ట నేనే కొట్టుకుంటున్నాను.

ఇంకో చీటీ. 'నాకు ఐదో నెల. ఆఫీసులో ఇంకా చెప్పలేదు. వచ్చే నెల మా టీమ్‌లో కొందర్ని తీసేస్తారంటున్నారు. టెన్షన్‌గా ఉంది.' ఎవరమ్మా? ఓహో, నీలం చీర ఆవిడే. లేవకండి, కూర్చునే చెప్పండి. డాక్టర్ ఏ తేదీ ఇచ్చారు? అక్టోబర్ 9. సరే, ఫోన్ తీయండి. ఇంటికెళ్లాక కాదు, ఇప్పుడే. నేను తెలుగులో చెప్తాను, మీ ఆఫీసు భాషలో రాసుకోండి.

టు, హెచ్ఆర్. సీసీ, మేనేజరు. బీసీసీలో మీ సొంత మెయిల్. సబ్జెక్ట్, ప్రసూతి సెలవు నోటీసు. 'నేను గర్భవతిని. కాన్పు తేదీ అక్టోబర్ 9గా డాక్టర్ చెప్పారు. సర్టిఫికెట్ జతచేశాను.' స్కాన్ బొమ్మ పెట్టకండి, సర్టిఫికెట్ చాలు. తర్వాతి లైన్, 'ఫలానా తేదీ నుంచి సెలవు తీసుకుంటాను.' ఎనిమిది వారాలకంటే ముందు కుదరదు కాబట్టి ఆగస్టు 14, లేదా ఆ తర్వాత మీకు వీలైన రోజు. తర్వాత, 'ఈ సెలవులో ఇంకెక్కడా పనిచేయను.' ఈ ముక్క చట్టం అడుగుతుంది, వదలకండి. 'నా ప్రసూతి డబ్బు నాకు, నేను తీసుకోలేకపోతే మా అమ్మకి ఇవ్వండి.' అమ్మకా, ఆయనకా? ఆయనకే, సరే. కింద పేరు, ఎంప్లాయీ నంబరు.

సర్టిఫికెట్ ఫోన్‌లో లేదా? రేపు పొద్దున తెప్పించి, జతచేసి, పదింటిలోపు పంపేయండి. పంపాక సొంత మెయిల్‌లో వచ్చిందో లేదో చూసుకోండి. ఎవరైనా మీటింగ్ రూముకి పిలిచి కాగితం ముందు పెడితే ఒకటే మాట, 'ఇంటికి తీసుకెళ్లి చదువుకుని చెప్తాను.' వాళ్లు ఇవ్వకపోతే లేచి వచ్చేయండి. తలుపు మూసి ఉంటే తెరుచుకుని వచ్చేయండి.

ఏదీ, ఒకసారి ఇటు చూపించండి. బాగుంది. పేరు స్పెల్లింగ్ చూసుకున్నారా?